అద్దె ఇంటిని పాత సామానుతో అమర్చుకోవాలనుకుంటున్నాం, కర్రను ఎలా చూసి కొనాలి?

ప్రశ్న: కొత్త కాపురం, కూకట్‌పల్లి

అందరికీ నమస్కారం. మాకు పెళ్లయి ఏడు నెలలైంది. గత నెలలో కూకట్‌పల్లిలో మూడో అంతస్తులో ఒక రెండు పడకగదుల ఇంట్లోకి అద్దెకు దిగాము. పుట్టింటివారు పెట్టిన మంచం, ఇనుప బీరువా, మావారి దగ్గర ముందునుంచీ ఉన్న ఫ్రిజ్ తప్ప ఇంట్లో చెప్పుకోదగ్గ సామాను ఏదీ లేదు. 11 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు ఉన్న హాలు పూర్తిగా ఖాళీగా ఉంది. ఎవరైనా వస్తే చాప పరిచి కూర్చోబెడుతున్నాము. కూర్చోవడానికి కుర్చీలు, మా ఇద్దరి పుస్తకాలు సర్దుకోవడానికి ఒక అలమర, భోజనాల బల్ల, కిటికీలకు కర్టెన్లు, రాత్రిపూట చదువుకోవడానికి ఒక దీపం, ఇవన్నీ కలిపి 35,000 రూపాయలు దాటకుండా అమర్చుకోవాలని ఇద్దరం కూర్చుని లెక్క వేసుకున్నాము.

కొత్తవి కొనడానికి ఆ డబ్బు చాలదని కాదు. ఆ ధరలో దొరికే కొత్త సామాను ఎలా ఉంటుందో మాకు అనుభవమైంది. మావారు బ్రహ్మచారిగా ఉన్న గదికి ఆన్‌లైన్‌లో ఒక పుస్తకాల అరను తెప్పించుకుంటే, ఒక్క వానాకాలం గడిచేసరికి గోడ చెమ్మకు దాని అడుగుచెక్క ఉబ్బి, పైన అంటించిన కాగితం లాంటి పొర లేచిపోయి, మేకులు పట్టు వదిలేశాయి. మా తాతగారి ఇంట్లో నలభై ఏళ్లుగా వాడుతున్న టేకు కుర్చీలు ఇప్పటికీ కదలకుండా ఉన్నాయి. అలాంటివి పాత సామాన్ల బజార్లలో దొరుకుతాయని విన్నాను. జుమ్మేరాత్ బజారు, ఎర్రగడ్డ ఆదివారం సంత గురించి స్నేహితులు చెప్పారు గానీ ఎప్పుడూ వెళ్లలేదు.

పెద్దలు, అనుభవజ్ఞులు మూడు విషయాల్లో దారి చూపాలని కోరుతున్నాను. మంచి కర్రను, పనికిరాని కర్రను నాలాంటి తెలియనివాళ్లు ఎలా గుర్తుపట్టాలి? పాత సామానుతో పాటు నల్లులు, చెదలు ఇంట్లోకి రాకుండా ఏం చేయాలి? మూడోది కొంచెం సున్నితమైన విషయం. ఎవరో వాడి వదిలేసిన వస్తువులను కొత్త కాపురంలోకి తేవడం మా అత్తగారికి ఇష్టం లేదు. ఆమె మనసు నొప్పించకుండా ఈ పని చేయాలని ఉంది. మరో మాట, ఇంటి యజమాని గోడలకు మేకు కొట్టనివ్వరు.

సమాధానం: చేవకర్ర, కార్వాన్

అమ్మా, మా తండ్రిగారి కాలం నుంచి మాది కర్రపని. ముప్పై ఏళ్లు పాలిష్ పని చేశాను, ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. మీ మొదటి రెండు ప్రశ్నలకు నేను చెప్పగలను. మూడోదానికి ఇంటి ఆడపెద్దలెవరైనా చెబితే బాగుంటుంది.

ముందు బజారు సంగతి. జుమ్మేరాత్ అంటే ఉర్దూలో గురువారం. పురానాపూల్ దగ్గర ఆ రోజున జరిగే సంత కాబట్టి ఆ పేరు వచ్చింది. ఎర్రగడ్డది ఆదివారం. మీకు కూకట్‌పల్లి నుంచి ఎర్రగడ్డ ఒకే మెట్రో దారిలో ఉంది కాబట్టి మొదట అక్కడికి, ఏమీ కొనకుండా, కేవలం చూడడానికి ఒకసారి వెళ్లి రండి. రెండోసారి వెళ్లేటప్పుడు మీ హాలు కొలతలు, తలుపు వెడల్పు, లిఫ్టు లోపలి కొలత, మెట్ల మలుపు కొలత కాగితం మీద రాసుకుని, కొలిచే టేపు, చిన్న టార్చిలైటు వెంట తీసుకువెళ్లండి. బ్రహ్మాండమైన అలమర కొని, అది మెట్ల మలుపు తిరగక కింది అంతస్తులోనే వదిలేసినవాళ్లను నేను చూశాను. ఈ సంతలు కాక, పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే తలుపులు, కిటికీలు, దూలాలు అమ్మే దుకాణాలు నగరంలో చాలా ఉన్నాయి. మంచి చేవ, అంటే మాను నడుమ ఉండే ముదురు గట్టి భాగం, ఉన్న కర్ర అక్కడే ఎక్కువగా దొరుకుతుంది.

ఏ వస్తువునైనా ముందు నుంచి చూడవద్దు. ముందుభాగానికి రంగు, పాలిష్ వేసి ఉంటారు. బోర్లించి అడుగుభాగం చూడండి, సొరుగును పూర్తిగా బయటికి లాగి దాని వెనుక వైపు చూడండి. అక్కడ రంగు వేయరు కాబట్టి కర్ర స్వరూపం బయటపడుతుంది. పార్టికల్ బోర్డు అయితే రంపపు పొట్టు అతికించినట్లు కనిపిస్తుంది. ప్లైవుడ్ అయితే అంచు దగ్గర పొరలు పొరలుగా కనిపిస్తుంది. అసలు కర్ర అయితే పైన ఉన్న రేఖలే అంచు దాటి పక్కకు దిగుతాయి. పైన రేఖలు ఒక తీరుగా ఉండి, అంచు దగ్గర అవి హఠాత్తుగా ఆగిపోతే పైన పలుచని టేకు పొర మాత్రమే అంటించారని అర్థం. టేకును గోటితో గానీ చాకు మొనతో గానీ కనపడని చోట గీస్తే బంగారు గోధుమ రంగు కనిపిస్తుంది, చేతికి కాస్త నూనె తగిలినట్లుంటుంది, దానిదైన వాసన ఒకటి వస్తుంది. ఒకసారి ఆ వాసన తెలిస్తే మళ్లీ మరిచిపోరు. నల్లగీతలతో ముదురు ఊదారంగులో, ఎత్తితే చేయి లాగేంత బరువుగా ఉంటే అది రోజ్‌వుడ్. మామిడి, వేప కర్రలు చెడ్డవని నేను అనను, కానీ టేకు ధర పెట్టి వాటిని కొనకూడదు.

తర్వాత అతుకులు చూడండి. మంచి పనివాడు ఒక కర్ర చివరను సన్నగా చెక్కి, రెండో కర్రలో తొలిచిన బెజ్జంలో దిగగొట్టి, పక్క నుంచి ఒక చెక్క మేకు వేస్తాడు. అటువంటి అతుకు వదులైనా మళ్లీ బిగించవచ్చు. ఇనుప మేకులతోనే నిలబెట్టిన కుర్చీ ఒకసారి వదులైతే మేకు పట్టే చోటే అరిగిపోతుంది. కుర్చీలో కూర్చుని ఎడమ ముందు కాలి మీద, కుడి వెనుక కాలి మీద బరువు మార్చి మార్చి వేసి చూడండి. కిర్రుమన్నంత మాత్రాన వదిలేయనక్కర్లేదు. కాలు చీలిందా, అతుకు మాత్రమే వదులైందా అన్నది చూసుకోవాలి. చీలికల్లో లప్పం పెట్టి పైన ముదురు రంగు వేయడం ఈ వ్యాపారంలో మామూలే కాబట్టి కాళ్ల దగ్గర టార్చి పక్క నుంచి వేసి చూడండి, లప్పం ఉన్న చోట కర్ర రేఖలు కనిపించవు.

పుచ్చు గురించి చెప్పాలి. కర్ర మీద గుండుసూది తల అంత రంధ్రాలు ఉన్నాయంటే ఒకప్పుడు పురుగు పట్టిందని అర్థం, ఇప్పుడు కూడా ఉందని కాదు. వస్తువును నేలకేసి రెండుసార్లు తట్టండి. మెత్తని లేత రంగు పొడి తాజాగా రాలితే పురుగు ఇంకా లోపలే ఉన్నట్టు, అది వద్దు. ఈ పురుగు ఎక్కువగా తెల్లగా ఉండే పై కర్రనే తింటుంది, చేవను అంతగా ముట్టదు. అందుకే పాతవాళ్లు చేవ చూసి కొనమన్నారు. చెదలైతే మట్టి గీతలు కనిపిస్తాయి, వేలితో కొడితే బోలుగా మోగుతుంది. అటువంటిదాన్ని ఎంత చవకగా ఇచ్చినా ఇంటికి తేవద్దు.

ఇంటికి తెచ్చాక బాగుచేసే పనిలో ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. పాత రంగు వేసిన సామానును ఎండు గరుకు కాగితంతో రుద్దవద్దు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన 2017 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఆ పొడి పీల్చితే పెద్దలకే ప్రమాదం, చిన్నపిల్లలకూ గర్భిణులకూ మరీ ప్రమాదం. రంగు ఊడిపోకుండా గట్టిగా ఉంటే దాని మీదే కొత్త రంగు వేయించండి. ఊడుతున్నదైతే ఆ వస్తువును వదిలేయడమే మేలు. రంగు లేని, పాలిష్ మాత్రమే ఉన్న కర్రను కొంటే ఈ బాధ ఉండదు. దాన్ని ముందు 120 నంబరు, తర్వాత 220 నంబరు కాగితంతో రేఖల వెంబడి రుద్ది, స్పిరిట్‌లో నానబెట్టిన లక్కను మెత్తని గుడ్డతో పలుచగా అయిదారు పూతలు వేస్తే కర్ర లోపలి రంగు పైకి వస్తుంది. అయితే లక్క పాలిష్ వేడి గిన్నె తగిలినా, నీరు నిలిచినా తెల్లమచ్చ పడుతుంది కాబట్టి భోజనాల బల్లకు అది పనికిరాదు. దానికి అవిసె నూనె పట్టించవచ్చు. నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ఉండ చుట్టి మూలన పడేయవద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విడివిడిగా పరిచి ఆరవేసి, తర్వాతే పారేయండి.

సమాధానం: గోదావరి గట్టు, రాజమహేంద్రవరం

అమ్మా, ఆశీస్సులు. మీ అత్తగారి అభ్యంతరాన్ని చాదస్తమని కొట్టిపారేయకుండా అడిగినందుకు నాకు సంతోషమైంది. మా ఇళ్లలోనూ ఆ పట్టింపు ఉండేది. ఎవరు వాడారో, ఏ పరిస్థితుల్లో వదిలించుకున్నారో తెలియని మంచం, అద్దం, ఉయ్యాల ఇంట్లోకి తేవడానికి మా అమ్మ కూడా ఒప్పుకునేది కాదు. నా సలహా ఏమిటంటే, బజారుకు వెళ్లే ముందు మీ అత్తగారి ఊరికి వెళ్లి, ఆమెతోనే కలిసి అటక ఎక్కి చూడండి. మన పాత ఇళ్ల అటకల మీద ఉన్నంత మంచి సామాను ఏ సంతలోనూ దొరకదు. పడక కుర్చీలు, నవారు మంచాలు, భోషాణాలు, గంగాళాలు, బియ్యం కొలిచే గిద్దె, సోల, తవ్వ, మానిక, కుంచం, మజ్జిగ చిలికే కవ్వం, వీటిలో ఏదో ఒకటి తప్పక ఉంటుంది. అత్తగారి చేతి మీదుగా మీ ఇంటికి వచ్చిన వస్తువు ఎవరో వదిలేసినది కాదు, వంశంలోది. ఆ మొదటి వస్తువు వచ్చాక, బజారు నుంచి తెచ్చిన కుర్చీని పసుపునీళ్లతో తుడిచి, రెండు రోజులు ఎండలో పెట్టి లోపలికి తెస్తానంటే ఆమె కాదంటారని నేను అనుకోను. మంచం, పరుపు, దేవుడి పటాలు మాత్రం బయట కొనకండి, ఆ మూడింటిలో ఆమె మాటే ఉండనివ్వండి.

పాత విగ్రహాల విషయంలో పట్టింపు ఒక్కటే కాదు, చట్టం కూడా ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పాలు, లోహవిగ్రహాలు వంటివి పురావస్తువులు అవుతాయి. వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, దేశం దాటించకూడదు. ఏ గుడి నుంచి వచ్చిందో తెలియని విగ్రహాన్ని అలంకారం కోసమని సంతలో కొనడం ఏ రకంగానూ మంచిది కాదు.

ఇక ఇత్తడి. తళతళలాడేలా తోమి, అద్దాల కొట్టులో పెట్టినదాన్ని అందం చూసి ధర చెబుతారు. అదే బిందె నల్లగా మాసిపోయి పాత సామాన్ల కొట్టులో ఉంటే తూకం వేసి, కిలో లెక్కన ఇస్తారు. అందుచేత మాసినదే కొని మీరే తోముకోండి. నానిన చింతపండులో కాస్త ఉప్పు కలిపి రుద్దితే ఆ పులుపుకు నల్లని పొర కరిగిపోతుంది, వెంటనే మంచినీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడవాలి. తడి ఉంచితే రెండో రోజుకే మళ్లీ మచ్చలు పడతాయి. అతుకుల దగ్గర, అడుగున చిల్లి ఉందేమో ముందే నీళ్లు పోసి చూడండి. మొక్క పెట్టుకునే గంగాళానికి చిల్లి ఉంటే ఒకందుకు మంచిదే గానీ, ఆ మేరకు ధర తగ్గించమని అడగవచ్చు. కళాయి లేని పాత ఇత్తడి గిన్నెల్లో పులుపు వస్తువులు వండకూడదు, అవి చూడడానికే ఉంచుకోండి.

కర్టెన్లకు బట్ట కొనవద్దు. చీర పొడవు సుమారు అయిదున్నర మీటర్లు, పన్నా 45 అంగుళాలకు అటూ ఇటూగా ఉంటుంది. కర్టెను నేల దాకా దిగాలంటే ఏడడుగులు, పైనా కిందా మడతలకు మరో అడుగు కలిపితే ఒక్కో తెరకు రెండున్నర మీటర్లు సరిపోతాయి. అంటే ఒక్క చీరలో నాలుగడుగుల వెడల్పున్న కిటికీకి కావలసిన రెండు తెరలు వస్తాయి, మిగిలిన ముక్కలో ఒక దిండు గలీబు వస్తుంది. మంగళగిరి, నారాయణపేట నూలు చీరలు దీనికి చాలా బాగుంటాయి. నూలు చీర అంచు మడతల్లో నిలువుగా పడితే గదికి వచ్చే అందం, బజారులో దొరికే మెరుపుల కర్టెన్లకు రాదు. ఎండ సూటిగా పడే పడమటి కిటికీకి మాత్రం వెనుక తెల్లని లోపలి గుడ్డ వేసి కుట్టించండి, లేకపోతే రెండు వేసవుల్లో రంగు వెలుస్తుంది. బాగా నలిగి కర్టెనుకు పనికిరాని చీరలుంటే బొంత కుట్టించి, నవారు మంచం మీద పరవండి. మా అమ్మ చీరలతో కుట్టిన బొంత మా హాల్లో ఇప్పటికీ ఉంది, వచ్చినవాళ్లందరూ ముందు దాన్నే చేత్తో తడుముతారు.

సమాధానం: ఖర్చుపుస్తకం, హనుమకొండ

పై ఇద్దరు పెద్దలు చెప్పినది నిజమే గానీ, ఒక హెచ్చరిక చేయడం నా బాధ్యతగా భావిస్తున్నాను. పాతది కాబట్టి చవక అనుకుని నేను నష్టపోయాను. మూడేళ్ల కిందట 6,000 రూపాయలకు ఒక సోఫా కొన్నాను. ట్రాలీ ఆటోకు, ఎత్తి దించిన హమాలీలకు 1,500 అయింది. లోపలి స్పాంజి పిండి అయిపోయిందని ఇంటికి తెచ్చాక తెలిసింది, స్పాంజికీ గుడ్డకూ కుట్టుకూలికీ 9,000 అయింది. చేతుల పాలిష్‌కు మరో 3,000. మొత్తం 19,500. ఆ డబ్బుకు అదే కొలతలో కొత్త సోఫా వచ్చేది. అప్పటి నుంచి నేను పాత సామాను ధరను ఎప్పుడూ రవాణా, మరమ్మతు కలిపే రాసుకుంటున్నాను. ఆ మొత్తం కొత్తదాని ధరలో సగం దాటితే, కర్ర అసాధారణంగా బాగుంటే తప్ప, కొనను.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, కుర్చీలు కొనేటప్పుడు గుడ్డతో కప్పి కుట్టినవి కాకుండా, పేముతోనో నవారుతోనో అల్లినవి గానీ, ఉత్త చెక్క కూర్చునే పలకతో ఉన్నవి గానీ ఎంచుకోవాలి. అల్లిక తెగితే మళ్లీ అల్లించవచ్చు, లోపల ఏముందో తెలియని భాగం అంటూ ఉండదు, నల్లులు దాక్కునే మడతలు తక్కువ. నల్లులు తిండి లేకుండా నెలల తరబడి బతకగలవు కాబట్టి, ఎంతకాలంగానో వాడని సామాను గనుక వాటిలో ఏమీ ఉండవని అనుకోకూడదు. కొనే ముందు అతుకుల సందుల్లో, నవారు ముడుల్లో, మేకు తలల చుట్టూ నల్లని చుక్కలు ఉన్నాయేమో చూడాలి. సుమారు 50 డిగ్రీల వేడికి నల్లులు, వాటి గుడ్లు చస్తాయి. మన పెద్దలు మంచాలను ఎండలో వేసి సందుల్లో మరిగే నీళ్లు పోసేది అందుకే. ఎండలో పెట్టడం ఒక్కటే చాలదు, ఎందుకంటే అవి నీడ ఉన్న సందులోకి జరుగుతాయి. లావు కర్ర లోపలికి ఎండ వేడి చేరదు. పాత నవారును, తాళ్లను మాత్రం అక్కడే విప్పి పారేసి, ఉత్త చట్రమే ఇంటికి తీసుకురండి.

చేవకర్ర గారితో ఒక్క విషయంలో నేను ఏకీభవించలేకపోతున్నాను. తెచ్చిన ప్రతిదాన్నీ గీకి పాలిష్ చేయాల్సిన అవసరం లేదు. ముందు తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో బాగా తుడిచి ఒక వారం వాడి చూడండి. చేతులు ఆనే చోట అరిగి నున్నబడిన కర్రకు ఉన్న నిగారింపు కొత్త పాలిష్‌తో పోతుంది, మళ్లీ రావాలంటే ఇరవై ఏళ్లు పడుతుంది.

పాత దీపాలు కొంటే తీగ, ప్లగ్గు, బల్బు హోల్డరు మూడూ మార్పించండి. లోహపు స్టాండు అయితే తప్పనిసరిగా మూడు పిన్నుల ప్లగ్గుతో ఎర్తు వేయించండి. ఇక ఫోనులో ప్రకటనలు చూసి కొనేవారు, అమ్మేవారు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. మనకు డబ్బు రావడానికి మనం క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాల్సిన పని గానీ, పిన్ నంబరు నొక్కాల్సిన పని గానీ ఎప్పుడూ ఉండదు. అలా అడిగితే అది మోసమే. వస్తువును కళ్లతో చూసి, బోర్లించి, ఆ తర్వాతే డబ్బు ఇవ్వండి.

సమాధానం: ఫ్రిస్కో తెలుగింటి, టెక్సాస్

మేము ఇక్కడికి వచ్చిన కొత్తలో ఇల్లంతా వాడిన సామానుతోనే అమర్చుకున్నాము కాబట్టి రెండు మాటలు చెబుతాను. ఇక్కడ గుడ్‌విల్, సాల్వేషన్ ఆర్మీ, హ్యాబిటాట్ రీస్టోర్ వంటి దుకాణాలు ప్రజలు దానంగా ఇచ్చిన వస్తువులను అమ్ముతాయి, వచ్చిన డబ్బు సేవాకార్యక్రమాలకు వెళుతుంది. అలా కొనడాన్ని ఇక్కడ ఎవరూ చిన్నతనంగా భావించరు. చదువు ముగించుకుని వెళ్లిపోయే మన తెలుగు విద్యార్థులు కూడా తమ బల్లలు, కుర్చీలు తర్వాత వచ్చేవారికి ఇచ్చి వెళతారు. మా మొదటి భోజనాల బల్ల అలా వచ్చినదే. హైదరాబాద్‌లో కూడా ఉద్యోగం మారి ఊరు వదిలి వెళ్లేవారు ఎక్కువే కాబట్టి, మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ బృందంలో ఒక మాట వేసి చూడండి. రవాణా ఖర్చు ఉండదు, వస్తువు ఎవరిదో తెలుస్తుంది, మీ అత్తగారి అభ్యంతరానికి అది కూడా కొంత జవాబవుతుంది.

నేను చేసిన పొరపాటు వేరే రకమైనది. ప్రతివారం వెళ్లి, చవకగా ఉందని ప్రతిదీ తెచ్చాను. ఆరు నెలలకు ఇల్లు గోదాములా తయారైంది. ఏ వస్తువుకూ పక్కనున్న వస్తువుతో పొందిక కుదరలేదు. తర్వాత సగానికి పైగా మళ్లీ అదే దుకాణాలకు ఇచ్చివేసి, ఒక నియమం పెట్టుకున్నాము: కర్ర ఏదైనా ముదురు గోధుమ రంగే ఉండాలి, గుడ్డ ఏదైనా నూలే ఉండాలి. ఆ రెండూ ఒకటిగా ఉంటే కుర్చీలు నాలుగు నాలుగు రకాలుగా ఉన్నా కంటికి ఇబ్బంది కలగదు. మీ హాలు 11 అడుగుల వెడల్పే కాబట్టి, కొనాలనుకున్న వస్తువు కొలతలో పాత వార్తాపత్రికలు నేల మీద పరిచి, రెండు రోజులు వాటి చుట్టూ నడిచి చూడండి. నడవడానికి రెండున్నర అడుగుల దారి మిగలకపోతే ఆ వస్తువు ఆ గదికి పెద్దదని తెలుస్తుంది.

మున్ముందు పిల్లలు పుట్టినప్పుడు అవసరమవుతుందని ఒక జాగ్రత్త కూడా చెబుతున్నాను. పక్కకమ్మీ కిందికి జారే పాత ఉయ్యాల మంచాల్లో పసిపిల్లలు ఇరుక్కుని చనిపోయిన ఘటనల వల్ల, 2011 జూన్ నుంచి ఇక్కడ వాటి అమ్మకాన్ని నిషేధించారు. అటువంటివి ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

కొత్త కాపురం, కూకట్‌పల్లి (అయిదు వారాల తర్వాత)

మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఏం చేశామో చెప్పడం నా ధర్మం. గోదావరి గట్టు గారు చెప్పినట్లే ముందు మా అత్తగారితో కలిసి నల్గొండ దగ్గర వాళ్ల ఊరికి వెళ్లాము. అటక మీద ఒక నవారు మంచం చట్రం, ఒక గంగాళం, తవ్వ, మానిక దొరికాయి. ఆ మానికతో తాను కాపురానికి వచ్చిన కొత్తలో కూలీలకు వడ్లు కొలిచేదాన్నని అత్తగారు చెబుతుంటే, మావారు కూడా ఆ సంగతి మొదటిసారి విన్నారు. ఆమే స్వయంగా చింతపండు పెట్టి అన్నీ తోమారు, తన రెండు నారాయణపేట చీరలు కర్టెన్లకు తీసి ఇచ్చారు. మంచం చట్రానికి కొత్త నవారు వేయించడానికి 1,100 రూపాయలు అయింది. అదే ఇప్పుడు మా హాల్లో సోఫా.

ఎర్రగడ్డ మొదటి ఆదివారం ఊరికే చూసి వచ్చాము. రెండో ఆదివారం అల్లిక తెగిన రెండు టేకు చేతుల కుర్చీలు 2,800కు దొరికాయి. పేము అల్లించడానికి 1,800 తీసుకున్నారు. పాత తలుపులు అమ్మే ఒక దుకాణంలో అద్దాల తలుపులున్న టేకు అలమర 9,500కు వచ్చింది, రవాణా 900, గరుకు కాగితం, లక్క, స్పిరిట్ కలిపి 700. పుస్తకాలు అడుగు పొడవుకు సుమారు పది కిలోలు తూగుతాయని తెలిసి, మూడడుగుల కంటే పొడవైన అర లేని అలమరనే ఎంచుకున్నాము. భోజనాల బల్లను మా అపార్ట్‌మెంట్‌లోనే పుణె వెళ్లిపోతున్న కుటుంబం 4,000కు ఇచ్చింది. కర్టెన్ల కుట్టుకూలి 600, మేకులు లేకుండా స్ప్రింగుతో నిలిచే నాలుగు కడ్డీలు 1,800, దీపం 350, దానికి తీగ, ప్లగ్గు మార్పించడానికి 200. చివరగా గురువారం సంతలో చెక్కడం పనితో ఉన్న ఒక పాత చట్రం 1,200కు కొన్నాము. మొత్తం 24,950 అయింది. మిగిలిన 10,050 రూపాయలను ప్రస్తుతానికి ముట్టుకోదలచుకోలేదు.

ఆ చట్రంలో పాత అద్దం ఉంది. దాని అంచుల్లో నల్లని మచ్చలు ఉన్నాయి, ఎంత తుడిచినా పోవడం లేదు. వాటిని ఎలా పోగొట్టాలి? మేకు లేకుండా దాన్ని ఎలా నిలబెట్టాలి?

సమాధానం: చేవకర్ర, కార్వాన్

అమ్మా, చాలా సంతోషం. ఖర్చుపుస్తకం గారు పాలిష్ గురించి చెప్పిన మాట న్యాయమైనదే, మీ కుర్చీల చేతులను గీకించకండి.

అద్దం మీది మచ్చలు ముందు వైపు ఉన్నవి కావు. అద్దం వెనుక ఉన్న వెండి పూత చెమ్మకు పాడై అలా కనిపిస్తుంది. తుడిస్తే పోదు. వెనుక గీకితే ఉన్న పూత కూడా పోతుంది. ముఖం చూసుకోవడానికి కావాలంటే కొత్త అద్దం కోయించి అదే చట్రంలో పెట్టించండి, మీ అత్తగారికి ఉన్న పట్టింపు కూడా దానితో తీరుతుంది. పాత అద్దం తీసేటప్పుడు వెనుక చిన్న మేకులను వంచి లాగండి, సుత్తితో కొట్టవద్దు. చట్రం బరువైనదైతే గోడకు వేలాడదీయడం కంటే అలమర పక్కన నేల మీద ఆనించి నిలపండి. అడుగున రెండు రబ్బరు ముక్కలు అంటిస్తే జారదు, వెనుక పై అంచును అలమర పక్కకు ఒక గొలుసుతో కట్టేస్తే చిన్నపిల్లలు వచ్చి లాగినా పడదు.